చందుర్తి సిపాయికి ఎర్రకోటు

చిన్నప్పుడు పిఠాపురం వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని చందుర్తి చేల వైపు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అక్కడ ఒక యుద్ధం జరిగిందన్న సంగతి బళ్లో ఒకే ఒక్క వాక్యంగా చెప్పారు: 1758లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిపోయారు. పరీక్షలో రాసి మర్చిపోయాను. ముప్పై ఏళ్ల తర్వాత ఆ వాక్యాన్నే బల్ల మీద నిలబెట్టడానికి ఒక ఏడాది పట్టింది. ప్లాస్టిక్ బొమ్మలు, కత్తి, జిగురు, పుట్టీ పట్టుకుని ప్రతి రాత్రీ అన్నం తిన్నాక కూర్చునేవాణ్ని.

వార్‌గేమింగ్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. పెద్ద బల్ల మీద పొలాలు, ఊళ్లు, గట్లు అమర్చి, ఇద్దరు చెరో సైన్యాన్నీ నడుపుతారు. ఎంత దూరం కదలాలో స్కేలు పెట్టి కొలుస్తారు, కాల్పుల ఫలితం పాచికలు తేలుస్తాయి. సైనికుల బొమ్మలు పాదం నుంచి కంటి దాకా 28 మిల్లీమీటర్లు ఉంటాయి. ఒక్కో బొమ్మ కొంతమంది సైనికులకు లెక్క. నా లెక్కలో ఒక బొమ్మ నలభై మంది.

ఆ రోజు చందుర్తి దగ్గర ఏం జరిగిందో ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ బొమ్మల్లో నేను చేసిన ప్రతి మార్పూ దాని కోసమే. బొబ్బిలి యుద్ధం అయిన కొద్ది రోజులకే విజయనగరం ప్రభువు విజయరామరాజు హతమయ్యాడు. గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. 1758లో విశాఖపట్నంలోని వాళ్ల స్థావరాన్ని పట్టుకుని ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. కలకత్తా నుంచి క్లైవు కల్నల్ ఫోర్డుకు సైన్యమిచ్చి ఓడల మీద పంపాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌తో తలపడే నాటికి ఫోర్డు దగ్గర సుమారు 470 మంది తెల్ల సైనికులు, 1,900 మంది సిపాయిలు ఉన్నారు. రాజుగారి వైపు 5,000 మంది కాల్బలం ఉన్నా తుపాకులు కొందరికే, మిగతావాళ్లకు బల్లేలూ విల్లంబులూ. అవతల 500 మంది తెల్లవాళ్లు, దాదాపు 6,000 మంది సిపాయిలు.

ఫోర్డు తన తెల్ల పటాలాన్ని మధ్యలో, సిపాయిలను రెండు పక్కలా నిలబెట్టాడు. మధ్యలో ఉన్నవాళ్ల ముందు ఏపుగా ఎదిగిన చేను ఉంది. దాని వెనక వాళ్లు కనబడలేదు. ఫ్రెంచివాళ్లకు కనబడింది పక్కనున్న సిపాయిల వరస. ఆ సిపాయిలు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు, ఎర్రకోట్లు తొడుక్కున్నారు. కర్ణాటక యుద్ధాల్లో ఇంగ్లీషు సిపాయిలను ఎర్రకోట్లలో చూసి ఎరగని ఫ్రెంచివాళ్లు, ఎర్రగా కనబడ్డవాళ్లే తెల్లవాళ్లనుకుని తమ మేలైన పటాలాన్ని వాళ్ల మీదికి తోలారు. సిపాయిలు చెదిరారు. తరుముకుంటూ వెళ్తున్న ఫ్రెంచి పటాలం పక్కటెముకల్లోకి అప్పుడు చేను చాటు నుంచి అసలు తెల్ల పటాలం వచ్చి పడింది. యుద్ధం అక్కడే తేలిపోయింది. నాలుగు నెలలు తిరిగేసరికి మచిలీపట్నం కోట కూడా పోయింది.

కోటు రంగు చూసి మోసపోయిన యుద్ధం ఇది. అలాంటప్పుడు బొమ్మల మీద ఆ రంగు, ఆ ఆకారం తప్పుగా ఉంటే బల్ల మీద చందుర్తి లేనట్టే. నాకు పట్టుకున్నది ఆ ఒక్క ఆలోచనే.

18వ శతాబ్దపు సిపాయిలు లోహపు బొమ్మల్లో దొరుకుతారు. కానీ లోహం బరువు, ధర ఎక్కువ, అన్నిటికన్నా ముఖ్యంగా కోసి అతికించడం కష్టం. గట్టి ప్లాస్టిక్ అయితే కత్తికి లొంగుతుంది. అందుకే పెర్రీ సోదరులు చేసే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటి బ్రిటిష్ పదాతి పెట్టెలు రెండు తెప్పించుకున్నాను. పెట్టెకు 38 బొమ్మలు. నా లెక్కకు 470 మందికి 12 బొమ్మలు, 1,900 మందికి 48, మొత్తం 60. రెండు పెట్టెల్లో 76 వస్తాయి కాబట్టి పాడుచేసుకోవడానికి పదహారు మిగులుతాయి. ఆ పదహారూ ఎంత అక్కరకొచ్చాయో తర్వాత తెలిసింది. బర్మింగ్‌హామ్‌లో ఉండే మా మేనత్త కొడుకు సంక్రాంతికి వస్తూ పట్టుకొచ్చాడు. "ఇదేంటి బావా, పెట్టె నిండా ప్లాస్టిక్ పుల్లలే ఉన్నాయి, బొమ్మలేవీ?" అన్నాడు మూత తీసి చూసి. బొమ్మలు మనమే చేసుకోవాలి అంటే కాసేపు నమ్మలేదు.

ఆ పుల్లల చట్రాన్ని స్ప్రూ అంటారు. చేతులు, తలలు, తుపాకులు, సంచులు, మొండేలు అన్నీ సన్నటి కాడలతో దానికి కాసిన కాయల్లా వేలాడుతుంటాయి. ముందు చేయాల్సిన పని గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం వేసి మెత్తటి బ్రష్షుతో కడగడం. అచ్చులోంచి తేలిగ్గా ఊడి రావడానికి వాడిన జిడ్డు ఏమైనా మిగిలితే తర్వాత రంగు పట్టదు. కడిగి, నీడన ఆరబెట్టి, కట్టరుతో కత్తిరించాలి. కట్టరు చదునువైపు బొమ్మకు ఆనించకుండా కాస్త కాడ వదిలి తెంపి, ఆ మిగిలింది కత్తితో విడిగా చెక్కాలి. ఒకేసారి మొదట్లోకి తెంపితే ప్లాస్టిక్ చిట్లి తెల్లగా మచ్చ పడుతుంది. తర్వాత అచ్చు గీత. రెండు అచ్చుపలకలు కలిసిన చోట బొమ్మ చుట్టూ సన్నటి గట్టులా ఒక గీత ఉంటుంది. దాన్ని కత్తి పదునుతో కాదు, వెన్నుతో గీకాలి, కొబ్బరి కోరినట్టు. మొదటి పది బొమ్మలకు బద్ధకించి వదిలేశాను. రంగు వేశాక ప్రతి ఎర్రచేతి మీదా ఒక గాయం మచ్చలా తేలింది. ఆ పదీ మళ్లీ గీకాల్సి వచ్చింది.

జిగురు సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మన కొట్లలో దొరికే సూపర్ గ్లూ లోహానికి, రెజిన్‌కు పనికొస్తుంది. ఈ ప్లాస్టిక్ పాలీస్టైరిన్, దీనికి సరైనది నీళ్లలా పల్చగా ఉండే ప్లాస్టిక్ సిమెంటు అనే ద్రవం. అది అతికించదు, రెండు వైపులా ప్లాస్టిక్‌ను కాస్త కరిగిస్తుంది. కరిగిన రెండూ కలిసిపోయి ఆరేసరికి ఒకే ముక్కవుతాయి. సన్నటి బ్రష్షుతో అతుకు అంచున తాకిస్తే చాలు, అదే లోపలికి పాకిపోతుంది. చేయి ఆనించి నొక్కి ఉంచితే అతుకులోంచి పలచటి ప్లాస్టిక్ గట్టు పైకి ఉబుకుతుంది. ఆరాక దాన్ని గీకేస్తే కీలు ఎక్కడుందో కూడా కనబడదు. ఎక్కువ పోస్తే మాత్రం శిక్ష వెంటనే పడుతుంది. ఒక సిపాయి వీపు కరిగిన చోట నా బొటనవేలి ముద్ర పడింది, గీతలతో సహా. వాణ్ని పారేయలేదు. వీపు మీద ఒక సంచి అంటించాను.

ఇక అసలు పని సిపాయిని తయారు చేయడం. పెట్టెలో ఉన్నవాడు 1775 నాటి ఇంగ్లీషు సైనికుడు, నాకు కావలసినవాడు 1758 నాటి బెంగాల్ సిపాయి. 1757 జనవరిలో క్లైవు లేపిన మొదటి సిపాయి పటాలానికి లాల్ పల్టన్ అనే పేరొచ్చింది ఆ ఎర్రకోటు వల్లే. ఆనాటి సిపాయి ఒంటి మీద మాత్రమే యూరోపియను. నడుము కింద తొడల సగం దాకా వచ్చే జాంగియా, ఆ కింద ఒట్టి కాళ్లు, తలకు పాగా. అంటే నేను మార్చాల్సింది తలా కాళ్లూ. కోటును పెద్దగా ముట్టుకోనక్కరలేదు. తోకలు మాత్రం పొట్టిగా కోసేశాను.

కాళ్లు నన్ను బాగా ఏడిపించాయి. పెట్టెలో బొమ్మకు మోకాళ్ల దాకా గెయిటర్లు, అంటే బూట్ల మీంచి పిక్కలకు తొడిగే బట్ట తొడుగులు, వాటి పక్కన వరసగా గుండీలు. ముందు గుండీలన్నీ చెక్కేయాలి. తర్వాత గుండ్రటి ఆకురాయితో మోకాలి కింద రెండు పక్కలా కొంచెం కొంచెం తీస్తూ పోతే పిక్క బయటికి వస్తుంది. బూటు ముందుభాగం పల్చగా కోసి, నాలుగు చిన్న గాట్లు పెడితే వేళ్లు. మడమ కింద ఎత్తుగా ఉండే చెప్పు దిమ్మ కోసేయాలి. అక్కడే చిక్కు. దిమ్మ తీసేస్తే బొమ్మ అర మిల్లీమీటరు పొట్టిదవుతుంది, కాస్త వెనక్కి వాలుతుంది కూడా. బొమ్మలను నిలబెట్టే బేసు మీద పాదాల కింద పుట్టీ పొర వేసి లేపాల్సి వచ్చింది. ఒక్కో జత కాళ్లకు నలభై నిమిషాలు పట్టేది మొదట్లో. చివరికొచ్చేసరికి పదిహేను.

పుట్టీ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నాకు దీనిలోనే అసలు ఆనందం దొరికింది. గ్రీన్ స్టఫ్ అని పిలిచే ఈ ఎపాక్సీ పుట్టీ పసుపు, నీలం రెండు పట్టీలుగా పక్కపక్కన అంటుకుని వస్తుంది. రెండూ సమానంగా తీసుకుని, ఆకుపచ్చ అయ్యేదాకా పిసకాలి. గంటకు పైగా చెప్పిన మాట వింటుంది, పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు. పట్టీలో పసుపూ నీలమూ ఒకదాన్నొకటి ఆనుకున్న చోట సన్నటి గీత అప్పటికే గట్టిపడి ఉంటుంది. దాన్ని కోసి పారేయకపోతే మెత్తటి ముద్దలో ఇసుక రేణువుల్లా తగులుతుంది. నేను మొదట చేసిన నాలుగు జాంగియాలు అలా రాళ్లు తేలిన అన్నంలా తయారయ్యాయి. మన ఎం-సీల్ కూడా వాడి చూశాను. బేసుల మీద నేల చేయడానికి భేషుగ్గా ఉంది. త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి బట్ట ముడతలు చెక్కేంత వ్యవధి ఇవ్వదు. పనిముట్టు ఎప్పుడూ తడిగా ఉండాలి, లేకపోతే పుట్టీ బొమ్మను వదిలి కత్తికి అంటుకుంటుంది.

పాగాల దగ్గర నాన్న సాయం పట్టారు. అఫ్ఘాన్ యోధుల పెట్టె ఒకటి నా దగ్గర ఉంది, దానిలో మిగిలిన తలలు ఇరవై దాకా దొరికాయి. వాటికి బారెడు గడ్డాలు. గడ్డాలు చెక్కి మీసం మటుకు ఉంచాను. మిగతా 28 తలలకు పాగా నేనే చుట్టాలి. బ్రిటిష్ తల మీద టోపీని పైనుంచి కోసేసి, వెనక జడలా వేలాడే జుట్టు తీసేసి, పుట్టీని దారంలా సాగదీసి చుట్టాను. మొదటి మూడూ తల మీద చుట్టకుదురు పెట్టినట్టు వచ్చాయి. ఎక్కడ తప్పుతున్నానో అర్థం కాలేదు. నాన్నకు చూపిస్తే కళ్లజోడు పైకి తోసుకుని చూసి, "పాగా అలా చుట్ట చుట్టినట్టు ఉండదురా. ఒక చుట్టు ఎడమ కణత మీదికి ఎక్కితే ఇంకో చుట్టు కుడి కణత మీదికి ఎక్కుతుంది. నుదుటి మీద రెండూ అడ్డం తగులుతాయి" అని, భుజం మీది కండువా తీసి అద్దం కూడా లేకుండా చుట్టేశారు. చివరి కొసను వెనక దోపి, "ఇది ఊడదు, కావిడి మోసినా ఊడదు" అన్నారు. నేను చుట్టూ తిరిగి నాలుగు వైపులా ఫోటోలు తీసుకున్నాను. నుదుటి మీద మడతలు ఇంటూ గుర్తులా దాటుకుంటున్నాయి, చెవి పైన మాత్రం దాదాపు సమాంతరంగా పడుకున్నాయి. తేడా అదీ. ఆ రాత్రి రెండు మిల్లీమీటర్ల వెడల్పు పుట్టీ పట్టీని ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి ఏటవాలుగా వేసి, తడి సూదితో మడతలు గీశాను. మొదటిసారి అది పాగాలా కనబడింది. మిగతా ఇరవై అయిదూ అలాగే చేశాను. ఏ రెండూ ఒకేలా రాలేదు, రాకూడదు కూడా.

పన్నెండు మంది తెల్లవాళ్లకూ కొంత మార్పు తప్పలేదు. అమెరికా యుద్ధం నాటికి బ్రిటిష్ కోటు ఒంటికి అతుక్కున్నట్టు ఇరుకైపోయింది. దానికి ఇరవై ఏళ్ల ముందు కోటు వదులు, తోకలు వెడల్పు, ముంజేతి మడతలు ఇంతింత పెద్దవి. మడతల మీద పుట్టీ పొర వేసి లావు చేశాను, తోకలు కొంచెం పొడుగు చేశాను. తుపాకీ విషయంలో మటుకు రాజీ పడ్డాను. 1758లో వాడిన బ్రౌన్ బెస్ అనే తుపాకీ గొట్టం 46 అంగుళాలు, తర్వాత వచ్చినది 42. ఈ కొలతలో ఆ నాలుగంగుళాలు రెండు మిల్లీమీటర్ల లోపే. అరవై తుపాకులకూ ఆ రెండు మిల్లీమీటర్లు అతికించే ఓపిక ఉండొచ్చు గానీ, అతికించిన గొట్టం ఆడేటప్పుడు చేయి తగిలితే నిలబడదు. ఆటకు పనికిరాని నిజం కోసం బొమ్మను బలహీనం చేయడం నాకు నచ్చదు. తుపాకీ కొసన ఉండే కత్తులు, బయొనెట్లు, పుటుక్కున విరిగిపోతాయి, వాటిలో నాలుగింటికి గుండుసూది మొన కోసి పెట్టాను. అవి ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఆగస్టులో దెబ్బ తగిలింది. మొదటి పన్నెండు మంది సిపాయిలు తయారయ్యారు, రంగుకు ముందు వేసే అడుగుపూత, ప్రైమర్ స్ప్రే డబ్బా పట్టుకుని డాబా మీదికెళ్లాను. వాన వెలిసి గంటయింది, గాలంతా చెమ్మ. తొందరపడ్డాను. ఆరాక వేలితో తడిమితే ఒళ్లంతా గరుగ్గా, ఇసుక చల్లినట్టుంది. పాగా మడతలు పూడుకుపోయాయి. నాలుగు వారాల పని. ఆ రాత్రి బొమ్మల వైపు చూడలేకపోయాను. మర్నాడు మందులషాపు నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి సీసాలో నానేశాను. ఈ ప్లాస్టిక్‌ను అది ఏమీ చేయదు. పొరపాటున థిన్నరో గోళ్ల రంగు తీసే ద్రవమో పోసి ఉంటే బొమ్మలే కరిగిపోయేవి. కొన్ని గంటలయ్యాక పాత పళ్లబ్రష్షుతో రుద్దితే ప్రైమర్ పొక్కులు పొక్కులుగా ఊడొచ్చింది. సిమెంటుతో అతికిన చేతులు ఒక్కటీ కదల్లేదు. సూపర్ గ్లూతో పెట్టిన అయిదారు తలలు మాత్రం ఊడిపోయాయి. పుట్టీ పాగాలు నిలిచాయి. అప్పట్నుంచీ వానాకాలంలో ప్రైమర్ బ్రష్షుతోనే వేస్తున్నాను.

రంగు వేసే పద్ధతిని కూడా మార్చుకున్నాను. ముందు అన్నీ అతికించి రంగు వేస్తే తుపాకీ వెనక ఛాతీ మీదికి బ్రష్షు పోదు. ఎడమచేయీ తుపాకీ విడిగా ఉంచి, ఛాతీకి రంగు అయ్యాక అతికించాను. ఎరుపుకు అడుగున ముదురు గోధుమ, దాని మీద ఎరుపు, మడతల అంచున కాస్త నారింజ కలిపిన ఎరుపు. తెలుపు కలిపితే ఎరుపు గులాబీ అయిపోతుంది, సిపాయి బొమ్మ పెళ్లి బ్యాండువాడిలా కనబడతాడు. ఒంటి రంగుకు డబ్బాల్లో వచ్చే చర్మపు రంగులన్నీ తెల్లవాళ్లవే. బర్న్ట్ సియెన్నా, రా అంబర్, కొంచెం ఎల్లో ఆకర్ కలుపుకుని నేనే చేసుకున్నాను. నలభై ఎనిమిది ముఖాలకు ఒకే రంగు వేయలేదు. కొన్నిట్లో అంబరు పాలు పెంచాను, కొన్నిట్లో ఆకరు పాలు.

అక్టోబరు నాటికి ఒక పటాలం సిద్ధమైంది. తెల్ల పాగాలు, తెల్ల జాంగియాలు, ఎర్రకోట్లు. పక్కన పన్నెండు మంది తెల్లవాళ్లను పెట్టి గుమ్మం దగ్గరకెళ్లి చూశాను. నాన్నను పిలిచి, "వీళ్లలో ఇంగ్లీషువాళ్లెవరు నాన్నా?" అన్నాను. కళ్లజోడు లేకుండానే చేయి చూపించారు. "అదుగో, నల్లటోపీల వాళ్లు. ఇటువైపు తెల్ల తలపాగాలు మెరిసిపోతుంటే తెలీట్లేదేంటి?"

కాన్‌ఫ్లాన్స్ మోసపోయిన చోట నాన్న మోసపోలేదు. అంటే తప్పు నా బొమ్మల్లో ఉంది. సిపాయి సిపాయిలా కనబడాలని అంతగా తపించిపోయాను గానీ, ఆ రోజు దూరం నుంచి వాళ్లు సిపాయిల్లా కనబడలేదన్నదే ఈ యుద్ధానికి ప్రాణం. దగ్గరికొస్తే ఒట్టి కాళ్లు, పాగా, మీసం కనబడాలి. గుమ్మం దగ్గరి నుంచి చూస్తే తెల్ల పటాలం అనిపించాలి.

రెండు రోజులు బొమ్మలను ముట్టుకోకుండా దూరం నుంచి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది, దూరానికి కంటికి అందేది బట్టల తీరు కాదు, పైనుంచి కిందికి రంగుల వరస. తెల్లవాడిది నలుపు టోపీ, ఎర్రకోటు, లేతరంగు లాగు. గెయిటర్లు నేను తెల్లవి వేశాను. కానీ యుద్ధానికి వెళ్లేటప్పుడు ముదురురంగు గెయిటర్లు కూడా వాడేవాళ్లు. వాటిని నల్లగా మార్చాను. ఇటు సిపాయి పాగాను ముదురు నీలం చేశాను. ఇప్పుడు తెల్లవాడు పైనుంచి కిందికి ముదురు, ఎరుపు, తెలుపు, ముదురు. సిపాయి కూడా ముదురు నీలపు పాగా, ఎరుపు, తెల్ల జాంగియా, గోధుమరంగు కాళ్లు. అదే వరస. ఒట్టి పిక్కలు చెక్కడానికి పడ్డ ఇన్నాళ్ల పాటూ దూరం నుంచి నల్ల గెయిటర్లలా కనబడటానికి పనికొచ్చింది.

ఇంకో తప్పు భంగిమల్లో ఉంది. సిపాయిలు ఒకడు గురిపెడుతూ, ఒకడు మందు కూరుతూ, ఒకడు పక్కకు చూస్తూ ఉన్నారు. తెల్లవాళ్లందరూ తుపాకీ భుజానికి ఆనించి బారుగా ఉన్నారు. పక్కపక్కన పెడితే ఒకటి సంత, ఒకటి కవాతు. ఇరవై రెండు మంది సిపాయిల చేతులు కోసి, మిగిలిన పెట్టె ముక్కల్లోంచి తుపాకీ భుజాన పెట్టుకునే చేతులు తెచ్చి అతికించాను. సిమెంటుతో అతికినవి ఊడవు కాబట్టి సన్నటి రంపంతో భుజం దగ్గర కోయాలి. ఎక్కువ ఉన్నాయనుకున్న ఆ పదహారు బొమ్మలూ ఇక్కడ ఖర్చయిపోయాయి.

బేసులు నలభై మిల్లీమీటర్ల చదరాలు, ఒక్కోదాని మీద నలుగురు. సిపాయిలకు పన్నెండు, తెల్లవాళ్లకు మూడు. ఇసుక కాకినాడ తీరం నుంచి తెచ్చి, ఉప్పు పోయేదాకా నాలుగు నీళ్లు మార్చి కడిగి, ఫెవికాల్ పూసి చల్లాను. అన్ని బేసులకూ ఒకే మన్ను, ఒకే గడ్డి. సిపాయిల కింద ఒక రంగు నేల, తెల్లవాళ్ల కింద ఇంకో రంగు నేల ఉంటే అక్కడే గుట్టు బయటపడుతుంది.

రాజుగారి కాల్బలాన్ని ప్రస్తుతానికి ముప్పై మందితోనే సరిపెట్టాను. అఫ్ఘాన్ శరీరాలకు ఒంటిచొక్కాలు తీసేసి, పంచెలు పుట్టీతో కట్టాను. బల్లేలకు కొబ్బరి ఈనె కంటే మంచిది నాకు దొరకలేదు. సన్నగా, నిటారుగా, బలంగా ఉంటుంది. వంగితే వంగుతుంది గానీ విరగదు. పాత చీపురు ఒకటి సగమైంది, ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. మొనకు అల్యూమినియం డబ్బా రేకు చుట్టి నలగ్గొట్టాను.

ఆఖరున చేను. చుట్టూ అన్నీ చేశాక దీనికి భయపడ్డాను, ఎందుకంటే నలభై మైళ్లు తిరిగినా ఎక్కడా దొరకని సంగతి అనుకున్నాను. తీరా గుమ్మం ముందే ఉంది. కాళ్లు తుడుచుకునే కొబ్బరిపీచు పట్టా. కొత్తది కొని, కత్తితో పన్నెండు అంగుళాల పొడుగు, ఆరు అంగుళాల వెడల్పు ముక్క కోశాను. పీచు నిటారుగా నిలిచి ఉంటుంది, బొమ్మను అందులోకి దింపితే పాగా మీద దాకా మునిగిపోతుంది. దువ్వి, అడుగున ఆకుపచ్చ, కొసల మీద ఎండిన పసుపు పొడిబ్రష్షుతో రాశాను. నాన్న వచ్చి చూసి, "జొన్న ఏపుగా వస్తే ఇంతే, మనిషి దూరితే మళ్లీ కనబడడు" అని, ఒక మూల పీచు వేలితో కాస్త వంచారు. "ఈ మూల కొంచెం పడిపోవాలి. ఏ చేలోనైనా గాలికి ఒక మూల పడిపోతుంది." ఆ మూల అలాగే ఉంచేశాను.

డిసెంబరులో ఒక ఆదివారం అన్నీ బల్ల మీద పెట్టాను. మూడు బేసుల తెల్లవాళ్లు చేను వెనక, సిపాయిలు అటు ఆరు బేసులు, ఇటు ఆరు. ఎదురు ఫ్రెంచి సైన్యం ఇంకా తయారు కాలేదు, వాళ్ల బదులు కాగితపు ముక్కలు పెట్టాను. నాన్నను గుమ్మం దగ్గర నిలబెట్టి మళ్లీ అదే అడిగాను. ఈసారి కళ్లజోడు పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. కుడివైపు చేయి చూపించి, "వాళ్లా?" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. దగ్గరికి వచ్చి వంగి, ఒక బేసు చేతిలోకి తీసుకుని ఒట్టి కాళ్లు చూశారు. తర్వాత చేను వైపు చూసి, పీచు పక్కకు తీసి, లోపలున్న నల్లటోపీలు కనబడగానే చేయి వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు ఫ్రెంచివాళ్లను మొదలుపెట్టాను. సిపాయిలే నూట యాభై మంది కావాలి. మొదటి నలుగురి పాగాలు నిన్న రాత్రి చుట్టాను, ఇంకా ఆరలేదు.